డ్రిల్లు మాష్టారి చదువు

వ్యాయామోపాధ్యాయుని మన యూళ్లలో ఆ పేరుతో పిలిచినవారు అరుదు. ఆయన డ్రిల్లు మాష్టారు. మెడలో ఈల, చేతిలో బెత్తము, ఎండకు కమిలిన ముఖము, మైదానము ఈ కొసనుండి ఆ కొసకు వినబడు గొంతు — మన జ్ఞాపకములలో ఆయన రూపము ఇంతమాత్రమే. లెక్కల మాష్టారు ఏ కళాశాలలో చదివెనో, తెలుగు పండితుడు ఏ గురువు కడ శాస్త్రము నేర్చెనో ఊరివారికి తెలిసియుండెడిది. డ్రిల్లు మాష్టారు కూడ ఒకచోట చదువుకొని వచ్చియుండునన్న తలంపు మాత్రము చాలమందికి కలుగలేదు. కాని అట్టి చదువు ఒకటి కలదు. దానికొక చరిత్రయు కలదు. ఆ చరిత్రలో ముఖ్యమైన ఘట్టము మద్రాసు నగరమున ఒక క్రైస్తవ సంస్థ పెట్టిన కళాశాలతో ముడిపడియున్నది.

రాయపూరునందలి తెలుగువారికి ఈ కథ దూరపు కథ కాదు. మనలో పలువురు, లేక మన తండ్రులు తాతలు, విజయనగరమునుండి పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వచ్చు రైలుమార్గమున ఇటు చేరినవారే. 1931 నాటికి పూర్తియైన ఆ మార్గమునకు చేరువనున్న వీరఘట్టమే కోడి రామమూర్తినాయుడుగారి జన్మస్థలము. కలియుగ భీముడని పేరొందిన ఆ మల్లుడు గుండెలపై ఏనుగును నిలుపుకొనుటయు, ఉక్కు గొలుసులను త్రెంచుటయు ఎరుగని తెలుగువాడు లేడు. విశాఖపట్టణపు సముద్రతీరమున నేటికిని ఆయన విగ్రహము నిలిచియున్నది. కాని ఆయన వృత్తిచే మొదట ఎవరని అడిగిన, చాలమంది సమాధానము చెప్పలేరు. ఆయన బడిపంతులు. మద్రాసు సమీపమునందలి సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామ శిక్షణ పొంది, ఆ యోగ్యతాపత్రముతో విజయనగరమునకు మరలివచ్చి, తాను చదివిన ఉన్నత పాఠశాలలోనే వ్యాయామ శిక్షకుడుగా చేరెనని ఆయన జీవితచరిత్రలు చెప్పుచున్నవి. సర్కసు, ఖ్యాతి, విదేశయాత్రలు, బిరుదములు — ఇవన్నియు అటు తరువాతివి. ఆయన చివరి దినములు మనకు పొరుగుననే, ఒడిశాలోని కలహండి–పాట్నా సంస్థానముల ప్రాంతమున గడచి, 1942 జనవరిలో ముగిసినవి.

రామమూర్తిగారి కాలమునాటి సైదాపేట శిక్షణ వేరు, తరువాత అదే పేటకు చేరువను వెలసిన క్రైస్తవ కళాశాల వేరు. 1856 లో నార్మల్ స్కూలుగా ఆరంభమైన ప్రభుత్వోపాధ్యాయ కళాశాలకు సైదాపేట చిరకాలముగా నిలయము. ఆ దినములలో పాఠశాలలందు శరీరవ్యాయామమనిన కవాతు, కర్రబిళ్లల సాము, బారులపై జిమ్నాస్టిక్సు మాత్రమే. నేర్పువారు తరచుగా సైన్యమునుండి విరమించిన సిపాయిలు, హవల్దారులు. వారి క్రమశిక్షణకు వంక పెట్టవలసిన పని లేదు. ఐనను పదియేండ్ల బాలుని ఎముక ఎట్లు పెరుగునో, ఏ వయసున ఎంత బరువు మోయింపవచ్చునో, గుండెజబ్బు గల బాలుని ఎట్లు గుర్తింపవలెనో వారికి ఎవరును చెప్పలేదు. రెజిమెంటులో నేర్చినదానినే వారు బడిలో నేర్పిరి. కుంటివాడును, ఆకలితో వచ్చినవాడును, బలిష్ఠుడును ఒకే వరుసలో ఒకే కేకకు కాలు కదపవలసినదే.

విచిత్రమేమనగా, ప్రభుత్వమువారి కాగితములలో ఇంతకంటె మంచి మాట అదివరకే కలదు. 1882 లో నియమింపబడిన హంటర్ విద్యాసంఘము, బాలుర శరీరపుష్టికై డ్రిల్లుతోను జిమ్నాస్టిక్సుతోను పాటు దేశీయములైన ఆటలను కూడ ప్రోత్సహింపవలెనని సిఫారసు చేసెను. చెడుగుడును, బిళ్లంగోడును పాఠశాల ఆవరణలోనికి రానిమ్మని దాని తాత్పర్యము. సిఫారసు చేయుట సులభము. దానిని నడపు మనిషి ఏడీ? నేర్పుటకు శిక్షణ పొందినవాడు లేనిదే ఏ సిఫారసైనను కాగితము దిగి మైదానమునకు రాదు. నలువది సంవత్సరముల వరకు జరిగినది అదియే.

వై.యం.సి.ఏ. అను పేరుగల క్రైస్తవ యువజన సంఘము 1844 లో లండను నగరమున పుట్టినది. దుకాణములలో పనిచేయు కుర్రవాండ్రు సాయంకాలములు చెడుతిరుగుళ్లకు పోకుండుటకై జార్జి విలియమ్సు అను బట్టల దుకాణపు గుమాస్తా తన తోడివారితో కలిసి దానిని స్థాపించెను. మొదట అది బైబిలు పఠనము, ప్రార్థన మాత్రమే. అమెరికా చేరినపిదప దానికి వ్యాయామశాల తోడైనది. మసాచుసెట్సు రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున 1885 లో వెలసిన దాని శిక్షణశాలలో లూథర్ గ్యూలిక్ అను ఆచార్యుడు దేహము, మనస్సు, ఆత్మ అను మూడును ఒకే మనుష్యుని మూడు భుజములని చెప్పి, త్రిభుజమును ఆ సంఘమునకు గురుతుగా నిలిపెను. చలికాలమున గది లోపల ఆడదగిన ఆట యొకటి కావలెనని ఆయన కోరగా, 1891 డిసెంబరులో అదే శాలలోని జేమ్సు నెయిస్మిత్ గోడలకు పీచు పండ్ల బుట్టలు రెండు కొట్టించి బాస్కెట్‌బాలును కనిపెట్టెను. నాలుగేండ్లకు, 1895 లో, అక్కడికి చేరువనున్న హోల్యోకు వై.యం.సి.ఏ.లో విలియం మోర్గను వాలీబాలును రూపొందించెను. నేడు మన రైల్వే కాలనీలలో సాయంకాలము రెండు గుంజలు పాతి, వల కట్టి ఆడు ఆటకు మూలము అది. మతసంస్థ కనిపెట్టిన ఆటలలో మతము మచ్చుకైనను లేకపోవుట గమనింపదగినది.

మన దేశమున క్రైస్తవ పాఠశాలలు ఆటను వాడుకొన్న తీరు అంతట ఒక్కటి కాదు. కాశ్మీరునందు టిండేల్ బిస్కో అను మిషనరీ 1891 లో శ్రీనగరపు పాఠశాలకు ఫుట్‌బాలు తెచ్చెను. అది తోలుబంతి; ముట్టిన మైలపడుదుమని బ్రాహ్మణ బాలురు నిరాకరించిరి. ఆయన ఉపాధ్యాయులను కర్రలతో చుట్టు నిలిపి వారిచేత బలవంతముగా ఆడించెను. బంతి ఒక బాలుని మూతికి తగిలినప్పుడు ఆట నిలిచిపోయెను. వానిని కాలువకు తీసికొనిపోయి ముఖము కడిగించి మరల ఆట మొదలుపెట్టించిరి. ఈ కథను సాహసగాథగా చెప్పుకొనువారు కలరు. నా మట్టుకు నాకు అది ఆట అనిపింపదు. ఆడించువానికి పంతమే కాని ఆడువానికి ఆనందము లేనిచోట నేర్చినదేమి? ఈ ప్రశ్నకు మద్రాసునుండి వేరొక విధమైన సమాధానము వచ్చినది.

మద్రాసు వై.యం.సి.ఏ. 1890 లో డేవిడ్ మెకానహీ అను అమెరికనుచే ఆరంభింపబడినది. ఫిలడెల్ఫియా వర్తకుడు జాన్ వానమేకరు ఇచ్చిన విరాళముతో ఎస్ప్లనేడు వీథిలో హైకోర్టునకు చేరువను దానికి గొప్ప భవనము లేచినది. భారతదేశపు వై.యం.సి.ఏ.లకు మొదటి వ్యాయామ నిర్దేశకుడుగా జె. హెచ్. గ్రే అను వైద్యుడు 1908 లో కలకత్తాకు వచ్చెను. ఊరూరను వ్యాయామశాలలు తెరచుటకంటె వానిని నడపువారిని తయారుచేయుట ముఖ్యమని ఆ సంస్థవారికి క్రమముగా బోధపడినది. ఆ పనికి స్ప్రింగ్‌ఫీల్డునందు చదివిన హ్యారీ క్రో బక్ అను పెన్సిల్వేనియా వాసి కుదిరెను.

బక్ 1919 లో మద్రాసు చేరెను. మరుసటి యేడు, 1920 లో, చేతివ్రేళ్లపై లెక్కింపదగిన విద్యార్థులతో వ్యాయామ శిక్షణశాల ప్రారంభమైనది. స్వంత మైదానము లేదు, సామగ్రి స్వల్పము, ఆయన భార్య మేరీ బక్ బోధనలో తోడుపడెడిది. కొన్నాళ్లు అక్కడ, కొన్నాళ్లు ఇక్కడ నడచినపిదప సైదాపేట సమీపమున, అడయారు నదికి మౌంటు రోడ్డుకు నడుమ, నేడు నందనము అని పిలువబడు చోట విశాలమైన స్థలము లభించెను. 1930 దశకపు తొలినాళ్లకు శిక్షణశాల కళాశాలయైనది. ఆసియాఖండమున వ్యాయామోపాధ్యాయులకై ఏర్పడిన మొదటి కళాశాలగా దానిని లెక్కింతురు. మద్రాసు రాజధాని అప్పుడు మద్రాసు ఒక్కటే కాదు. గంజామునుండి అనంతపురము వరకు తెలుగు జిల్లాలన్నియు దానిలోనివే. 1953 లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు మన జిల్లాబోర్డు పాఠశాలల వ్యాయామోపాధ్యాయునికి యోగ్యతాపత్రమనిన తరచుగా సైదాపేట పేరే వినబడుటకు కారణము ఇది.

అక్కడ నేర్పినదేమని పాఠకులు అడుగవచ్చును. ఇచ్చట కొంచెము ఆగి చెప్పవలసియున్నది. ఏలయన ఈ వృత్తిపట్ల మనకున్న చులకనభావము దీనిని ఎరుగకపోవుటవలననే కలిగినది.

ఉదయము మైదానము, మధ్యాహ్నము పాఠము, సాయంకాలము మరల మైదానము — వ్యాయామ కళాశాలల దినచర్య ఇది. పాఠములలో మొదటిది శరీరనిర్మాణశాస్త్రము. ఎముకలు, కీళ్లు, కండరములు వైద్య విద్యార్థి చదివినంత లోతుగా కాకున్నను, మోకాలు ఏవైపు మడుగునో, ఏవైపు త్రిప్పిన చెడునో తెలియునంతవరకు చదువవలెను. రెండవది శరీరధర్మశాస్త్రము: పరుగెత్తినప్పుడు నాడి ఎంత హెచ్చును, ఎంతసేపటికి యథాస్థితికి వచ్చును, రాకున్న దాని అర్థమేమి. మూడవది ఆరోగ్యశాస్త్రము: త్రాగునీరు, మరుగుదొడ్డి, గాలివెలుతురు, పంటి శుభ్రత, అంటురోగములు. ఎముక విరిగినప్పుడు, ఎండదెబ్బ తగిలినప్పుడు, నీట మునిగినవానిని ఒడ్డునకు చేర్చినప్పుడు వైద్యుడు వచ్చువరకు చేయదగిన ప్రథమ చికిత్స వేరుగా నేర్పుదురు. బాలుర ఎత్తును, బరువును క్రమముగా కొలిచి పట్టీ వ్రాయించుట అతని పనులలో ఒకటి. నాలుగు నెలలుగా బరువు పెరుగని బాలుని మొదట గుర్తింపవలసినవాడు అతడే. పల్లెటూరి బడులలో డాక్టరు సంవత్సరమునకు ఒకమారైనను రాని దినములలో పిల్లల ఆరోగ్యమును కనిపెట్టియుండగల మనిషి ఇతడొక్కడే.

తరువాతిది గణితము. నవ్వకుడు! నాలుగువందల మీటర్ల పరుగుబాటను సున్నముతో గీయవలెనన్న, రెండు అర్ధవృత్తములకు వ్యాసార్ధము కట్టవలెను. లోపలి గీతకంటె వెలుపలి గీత వంపులో పొడవగును గనుక ఒక్కొక్క వెలుపలి గీతలోని వాడు ఏడు మీటర్లకు పైగా ముందునుండి బయలుదేరవలెను. లేకున్న న్యాయము జరుగదు. పోటీలో పదునొకండు జట్లు పేర్లిచ్చిన మొదటి విడతలో ఎన్ని ఆడవలెను? పదునొకండునకు పైనున్న రెండు ఘాతము పదునారు, వ్యత్యాసము అయిదు, కాబట్టి అయిదు జట్లకు 'బై', ఆరు జట్లకు మూడు ఆటలు, రెండవ విడతకు ఎనిమిది మిగులును. ఈ లెక్క తప్పిన చివరకు మూడు జట్లు మిగిలి తగవులగును. మన కార్యాలయముల క్రీడోత్సవములలో జరుగు తగవులలో పెక్కింటికి మూలము ఎవరికో ఈ చిన్న లెక్క రాకపోవుటయే.

అన్నిటికంటె కష్టమైనది బోధనాభ్యాసము. ఏబదిమంది బాలురు, ఒక్క బంతి, చింతచెట్టు నీడయంత స్థలము, నలుబది నిమిషములు — వీనితో ఒక్కడును ఊరక నిలువకుండ ఆడింపవలెను. శిక్షణ లేనివాడు బంతిని పదిమంది బలిష్ఠుల కిచ్చి తాను చెట్టుక్రింద కూర్చుండును. మిగిలిన నలుబదిమంది చప్పట్లు కొట్టుదురు. శిక్షణ పొందినవాడు అట్లు చేయలేడు. జట్లుగా విభజించుట, పరికరములు లేనిచోట రుమాలుతోను రాతితోను ఆటలు కల్పించుట, పిరికివానిని ముందుకు తెచ్చుట, మొనగానికి ఓటమి నేర్పుట — ఈ విద్యకు పుస్తకముండదు. బక్ కళాశాల ఆశించిన మార్పు ఇచ్చటనే యున్నది. కేక వేయువాడు ఉపాధ్యాయుడు కావలెను. మేటిని తయారుచేయుట ముఖ్యము కాదు. వెనుకబడిన నలుబదిమందిని మైదానములోనికి దింపుట ముఖ్యము.

ఆయన దేశీయ వ్యాయామములను త్రోసిపుచ్చలేదు. దండలు, బస్కీలు, చెడుగుడు మొదలగునవి పాశ్చాత్య క్రీడలతో పాటు శిక్షణలో చోటు పొందినవి. ఆటల నియమములను సమకూర్చి ఆయన ప్రకటించిన పుస్తకము చాలకాలము పాఠశాలలకు ప్రమాణగ్రంథమైనది. 'వ్యాయామ్' అను పేరుతో కళాశాల ఇంగ్లీషు పత్రిక యొకటి నడపినది. ఆ అమెరికను తన పత్రికకు సంస్కృతపదమును ఎంచుకొనుట నాకు ముచ్చట గొలుపును. కళాశాల ద్వారములు క్రైస్తవేతరులకు మూయబడలేదు. హిందువులు, ముసల్మానులు అక్కడ చదివిరి. చెడుగుడు ఆడవలెనన్న ఒకరినొకరు ముట్టక తప్పదు. ముట్టుట తప్పని దినములలో, ముట్టుటయే ఆటయైన విద్యను వివిధ కులముల యువకులు ఒకే మైదానమున అభ్యసించిరి. శ్రీనగరపు కర్రలు ఇక్కడ అవసరము కాలేదు.

1924 ఫిబ్రవరిలో ఢిల్లీలో అఖిల భారత పోటీలు జరిపి పారిసు ఒలింపిక్సునకు ఎనిమిదిమంది క్రీడాకారులను ఎన్నుకొన్నప్పుడు వారి వెంట మేనేజరుగా వెళ్లినవాడు బక్. తరువాత భారత ఒలింపిక్ సంఘము ఏర్పడుటలో వై.యం.సి.ఏ.కు చెందిన నోరెన్ వైద్యునితో పాటు ఆయన శ్రమ కలదు. ఐనను ఆయన పేరు నిలిచినది ఒలింపిక్సువలన కాదు, శిష్యులవలన. 1943 లో ఆయన మరణించునాటికి వారు దేశమంతటను వ్యాపించియుండిరి. వారిలో పి. యం. జోసెఫుగారిని ప్రత్యేకముగా పేర్కొనవలెను. 1938 లో బొంబాయి చెంత కాందివలీలో ప్రభుత్వ శిక్షణశాల వెలసినప్పుడు దానికి ఆయనయే ప్రధానాచార్యుడు. 1957 ఆగష్టులో కేంద్రప్రభుత్వము గ్వాలియరునందు లక్ష్మీబాయి కళాశాలను తెరచి, దేశమున మొదటిసారి మూడేండ్ల పట్టపు చదువును ఆరంభించినప్పుడు కూడ ఆయనయే తొలి ప్రధానాచార్యుడు. అప్పుడు గ్వాలియరును రాయపూరును ఒకే మధ్యప్రదేశ్ రాష్ట్రములోనివి.

మద్రాసు చూపిన త్రోవను ఇతరులు పట్టిరి. 1930 దశకపు తొలి సంవత్సరములలోనే హైదరాబాదు సంస్థానమునందును, కలకత్తాయందును ప్రభుత్వ వ్యాయామ కళాశాలలు ఏర్పడినవి. 1932 లో లక్నో క్రైస్తవ కళాశాల వ్యాయామోపాధ్యాయ శిక్షణను ప్రారంభించి ఉత్తరదేశపు అవసరమును తీర్చినది. అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్–బేరారునందలి మన రాయపూరునకు వేరొక త్రోవ కూడ ఉండెను. అదే రాజధానిలోని అమరావతిలో 1914 లో స్థాపింపబడిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి మల్లఖంబము, లేజిము, కుస్తీ, కర్రసాములను జాతీయభావముతో పెంపొందించి, 1936 లో బెర్లిను ఒలింపిక్సు సందర్భమున అక్కడ కబడ్డీని ప్రదర్శించి వచ్చినది. ఒకటి త్రిభుజపు గురుతుగల క్రైస్తవ సంస్థ, మరియొకటి ఆంజనేయుని పేరిటి అఖాడా. మార్గములు వేరు, బాలుని శరీరము పాఠ్యవిషయమే యని రెండును నమ్మినవి. వీనిలో ఒకటి పరదేశము, ఒకటి స్వదేశమని వాదులాడువారితో నేను ఏకీభవింపలేను.

శిక్షణ పొందిన వ్యాయామోపాధ్యాయుడు ఎంత చేయగలడో హైదరాబాదు చూపినది. సయ్యద్ అబ్దుల్ రహీముగారు ఉస్మానియా పట్టభద్రులై, కాచిగూడ, చాదర్‌ఘాట్ మున్నగు పాఠశాలలలో బోధించి, వ్యాయామవిద్యలో డిప్లొమా తీసికొని పాఠశాలల క్రీడాభారమును వహించిరి. 1943 నుండి నగర పోలీసు ఫుట్‌బాలు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుమార్లు రోవర్సు కప్పు గెలిచినది. ఆయన శిక్షణలో భారతజట్టు 1951 లో ఢిల్లీ ఆసియా క్రీడలయందు స్వర్ణము, 1956 లో మెల్బోర్ను ఒలింపిక్సునందు నాలుగవ స్థానము, 1962 లో జకార్తాయందు కొరియాను ఓడించి మరల స్వర్ణము పొందెను. మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూసిరి. ఆయన మాటతీరునందు, ఆటగాండ్రను ఉత్సాహపరచు నేర్పునందు బడిపంతులే కనబడెడివాడని చెప్పుకొందురు.

వ్యాయామవిద్యకు గౌరవము కాగితముపై పెరుగుచునే వచ్చినది. 1950 లో కేంద్రప్రభుత్వము వ్యాయామవిద్యకు సలహామండలిని, 1956 లో జాతీయ ప్రణాళికను ఏర్పరచెను. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక ఆరోగ్యమును వ్యాయామమును ఒకే విషయముగా జేర్చి పాఠశాలలో దానిని తప్పనిసరి చేయవలెనన్నది. 2014 నిబంధనలతో బి.పి.ఎడ్. చదువు రెండు సంవత్సరములైనది. కాని 2010 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టపు అనుబంధమును విప్పి చూచిన, ఆరు నుండి ఎనిమిది తరగతులకు విజ్ఞానశాస్త్ర–గణితములకు, సాంఘికశాస్త్రమునకు, భాషలకు ఉపాధ్యాయులు ఉండవలెనని యున్నది. నూరుగురికి మించిన పిల్లలున్నచోట ఆరోగ్య–వ్యాయామ విద్యకు ఉండవలసినవారు పార్టుటైము శిక్షకులు. శరీరము పార్టుటైము కాదు గదా! పిల్లవాడు దానిని ఇరువదినాలుగు గంటలు మోసికొని తిరుగుచున్నాడు. పరీక్షలు దగ్గర పడగానే ఆటల పీరియడును లెక్కల మాష్టారు అరువు తీసికొనుటయు, ఆ అరువు తీరకపోవుటయు అన్ని ఊళ్లలోను చూచుచున్నదే. తల్లిదండ్రులమైన మనము అందులకు సంతోషించుటయు కలదు.

కేంద్రప్రభుత్వోద్యోగులమగు మన బిడ్డలలో పెక్కుమంది చదువునది కేంద్రీయ విద్యాలయములలో. 1963 లో మొదలైన ఈ విద్యాలయములందు ఈ ఉపాధ్యాయుని పదవి శారీరక–ఆరోగ్య విద్యోపాధ్యాయ పదవి. దానికి వ్యాయామవిద్యలో పట్టము కావలెను. ఇతర విషయముల శిక్షిత ఉపాధ్యాయులతో సమానమైన హోదాయే కలదు. బదిలీపై విశాఖనుండి రాయపూరునకు, రాయపూరునుండి మరియొక చోటికి మనతో పాటు తిరుగు పిల్లలకు క్రొత్త బడిలో మొదటి స్నేహితులు దొరకునది తరచుగా ఆయన మైదానముననే. అక్కడ హిందీ రాకున్నను బంతి విసరవచ్చును. ఇంత పొడవు పేరు పిల్లల నోట నిలువలేదు. వారు ఆయనను పి.టి. సార్ అని పిలుచుచున్నారు.